చదరంగపు గడులలోని మహాసంఖ్య

లెక్కించుటకు మనకున్న అంకెలు పదియే. ఆ పదింటితో కూర్పదగిన సంఖ్యలకు మాత్రము అంతము లేదు. ఎవరైనను ఒక పెద్ద సంఖ్యను చెప్పినచో, దానికి ఒకటి చేర్చి అంతకంటె పెద్దదానిని చెప్పుట పసివానికిని సాధ్యమే. కావున పెద్దదగుట మాత్రమున ఏ సంఖ్యకును గౌరవము కలుగదు. మనుష్యులలో వలెనే సంఖ్యలలోను గుణమే ప్రధానము. ఎట్లు పుట్టినది, ఏ సంఖ్యల కలయికచే ఏర్పడినది, ఎచ్చటెచ్చట అక్కరకు వచ్చుచున్నది అని విచారించినప్పుడే దాని గొప్పతనము తెలియును. ఇట్టి విచారమునకు మిక్కిలి తగిన మహాసంఖ్య యొకటి గలదు. అది మన చదరంగపు పలకపై పుట్టినది.

పూర్వము హిందూదేశమున సిస్సా అను పండితుడొకడు చదరంగపు ఆటను కల్పించి తన రాజునకు సమర్పించెనని ఒక కథ గలదు. 13వ శతాబ్దమునందలి అరబ్బీ రచయిత యగు ఇబ్న్ ఖల్లికాన్ దీనిని తన గ్రంథమున వ్రాసియున్నాడు. రాజు సంతసించి, "ఏమి కావలయునో కోరుకొను" మనెను. పండితుడు వినయముతో, "ప్రభూ! ఈ పలకపై 64 గడులున్నవి. మొదటి గడికి ఒక గింజ, రెండవ గడికి రెండు, మూడవ గడికి నాలుగు, ఇట్లు గడిగడికిని రెట్టింపు చేయుచు కడపటి గడి వరకు ధాన్యము నిప్పింపుడు. అంతకంటె నాకేమియు వలదు" అని విన్నవించెను. రాజు కోరిక మిగుల స్వల్పమని తలచెను. కాని గణకులు లెక్క వేసి, రాజ్యములోని గాదెలన్నియు ఊడ్చి యిచ్చినను ఈ ఋణము తీరదని చెప్పిరి. ఇది చరిత్ర కాదు, కథయే. అయినను కథలోని లెక్క మాత్రము అక్షరాల నిజము.

ఆ లెక్కను మనమును వేసి చూతము. గడులలోని గింజలు వరుసగా 1, 2, 4, 8, 16, 32 అని పెరుగుచుండును. మొదటి రెండు గడుల మొత్తము 3. మూడింటి మొత్తము 7. నాలుగింటి మొత్తము 15. పరికించి చూచినచో ప్రతి మొత్తమును తరువాతి గడిలోని సంఖ్యకు ఒకటి మాత్రమే తక్కువ. ఇది కాకతాళీయము కాదు. పొరుగింటి నుండి ఒక గింజను అప్పు తెచ్చి మొదటి గడి గింజతో కలుపుడు. రెండు గింజలగును. వీనిని రెండవ గడిలోని రెంటితో కలిపిన నాలుగు, ఆ నాలుగును మూడవ గడిలోని నాలుగింటితో కలిపిన ఎనిమిది. ఇట్లు సాగించినచో 64వ గడి ముగియునప్పటికి మన చేతిలో 64 రెండ్లను హెచ్చవేసిన ఫలము, అనగా 2⁶⁴ గింజలుండును. అప్పుగా తెచ్చిన గింజను తిరిగి ఇచ్చివేసినచో మిగులునది 2⁶⁴ − 1. పండితుడు కోరిన గింజల సంఖ్య ఇదియే.

ఇప్పుడు 2⁶⁴ను కనుగొనుటకు రెంటిని అరువదినాలుగు మారులు హెచ్చింప నక్కరలేదు. ఒక సంఖ్యను దానితోనే హెచ్చించుటను వర్గము చేయుట యందురు గదా. 2ను వర్గము చేసిన 4, దానిని వర్గము చేసిన 16, ఆ పిమ్మట 256, ఆ పిమ్మట 65,536, ఆ పిమ్మట 4,29,49,67,296. దీనిని మరల వర్గము చేసిన 2⁶⁴ లభించును. ఆరు హెచ్చవేతలతోనే పని ముగిసినది. సుమారు 1000వ సంవత్సరమున అల్ బిరూనీ అను విద్వాంసుడు పూర్వజాతుల కాలగణనలను గూర్చి రచించిన గ్రంథమున చదరంగపు లెక్కను ఇట్టి వర్గముల మార్గముననే సాధించి చూపెను. తుదకు ఒకటి తీసివేయగా వచ్చు సంఖ్య ఇది:

1,84,46,74,40,73,70,95,51,615

ఇందు ఇరువది అంకెలున్నవి. చదువవలెనన్న, 1,84,467 కోట్ల కోట్లు, 44,07,370 కోట్లు, 95 లక్షల 51 వేల 615 అని చదువవలెను.

ఈ పరిమాణము ఎంతటిదో ఊహకు అందవలెనన్న ధాన్యమునే తలచుకొందము. ఒక గ్రాము తూగుటకు బియ్యపు గింజలు నలుబది కావలెననుకొనుడు. అప్పుడు ఒక కిలోగ్రామునకు 40,000 గింజలు. ఆ లెక్కను సిస్సా కోరిన బియ్యము సుమారు 46,000 కోట్ల టన్నులగును. నేడు ప్రపంచమందలి దేశములన్నియు కలిసి ఏడాదికి పండించు బియ్యము 50 కోట్ల టన్నులకు కొంచెము పైబడి యుండును. అనగా భూమిపై నెవ్వరును ఒక మెతుకైనను తినక కూడబెట్టినను, ఆ ఋణము తీరుటకు ఎనిమిదివందల యేండ్లకు పైగా పట్టును.

ఈ సంఖ్య మరియొక కథలోను కనబడుచున్నది. 1883లో ఎడ్వార్డ్ లూకాస్ అను ఫ్రెంచి గణితజ్ఞుడు హనోయ్ గోపురము అను ఆటవస్తువును ప్రకటించెను. అందు మూడు కంబములుండును. ఒక కంబమునకు చిన్నవియు పెద్దవియు నగు బిళ్ళలు, పెద్దది అడుగునను చిన్నది పైనను ఉండునట్లు గ్రుచ్చబడి యుండును. ఒక్కొక్క మారు ఒక్క బిళ్ళనే తీయుచు, చిన్నదానిపై పెద్దదానిని ఎన్నడును ఉంచక, అన్నిటిని వేరొక కంబమునకు మార్చవలెను. కాశీలోని ఒక ఆలయమున 64 బంగారు బిళ్ళలతో అర్చకులు రాత్రింబవళ్ళు ఈ పని చేయుచున్నారనియు, అది ముగిసిననాడు లోకము అంతమగుననియు ఒక కల్పిత కథ ఆ ఆటతో పాటు వ్యాపించినది. ఒక బిళ్ళకు ఒక కదలిక, రెంటికి మూడు, మూటికి ఏడు కావలెను. బిళ్ళ యొకటి పెరిగినప్పుడెల్ల కదలికలు రెట్టింపై, ఆపై మరొకటి చేరును. కావున 64 బిళ్ళలకు కావలసిన కదలికలు సరిగా 2⁶⁴ − 1. క్షణమాత్రమైన ఆగక సెకనునకు ఒక్కటి చొప్పున కదిపినను 58,000 కోట్ల సంవత్సరములకు పైగా పట్టును. శాస్త్రజ్ఞుల లెక్క ప్రకారము విశ్వము పుట్టి సుమారు 1,380 కోట్ల సంవత్సరములైనది. ఆ కాలము నలుబది మారులు గడచినను అర్చకుల పని ముగియదు.

తెలుగువారికి ఈ సంఖ్యతో చిరకాల పరిచయము గలదు. మహావీరాచార్యుడు 9వ శతాబ్దమున సంస్కృతమున రచించిన గణితసారసంగ్రహమును తెనిగించిన పావులూరి మల్లనదిగా ప్రసిద్ధమైన ఒక పద్యమున, చదరంగపు గడుల రెట్టింపు మొత్తము ఇరువది అంకెలతో పూర్తిగా చెప్పబడినది. అందు అంకెలకు బదులు వస్తువుల పేర్లుండును. దీనిని భూతసంఖ్యా పద్ధతి యందురు. చంద్రుడు ఒక్కడే గావున ఆయన పేరు 1ని తెలుపును. వేదములు నాలుగు గావున 4. మన్మథుని బాణములు ఐదు గావున 5. దిగ్గజములు ఎనిమిది గావున ఏనుగు పేరు 8. శరీరమునందలి రంధ్రములు తొమ్మిది గావున 9. ఆకాశము శూన్యము గావున 0. ఈ పద్ధతిలో అంకెలను కుడి నుండి ఎడమకు, అనగా ఒకట్ల స్థానము మొదలుకొని చెప్పుట ఆచారము. అందుచేతనే ఆ పద్యములోని సంఖ్య బాణమును తెలుపు మాటతో ఆరంభమై, చంద్రుని తెలుపు మాటతో ముగియును. అంకెలు వ్రాసిన తాళపత్రము చెడిపోవచ్చును. లేఖకుడు పొరపడి ఒక అంకెకు వేరొకటి వ్రాయవచ్చును. పద్యమున నట్లు కాదు. ఒక మాట మారినచో చాల చోట్ల ఛందస్సు తప్పును. చదువరి చెవి వెంటనే దానిని పట్టుకొనును. ఇరువది అంకెల సంఖ్య చెక్కుచెదరక నిలుచుటకు కవిత్వము ఇట్లు కాపు కాచినది.

గడులలోని సంఖ్యలకు వేరొక అద్భుతగుణము గలదు. వర్తకునియొద్ద 1, 2, 4, 8 సేర్ల తూకపు రాళ్ళు ఒక్కొక్కటి చొప్పున ఉన్నవనుకొనుడు. వానితో 1 మొదలు 15 వరకు ఏ తూకమునైనను తూచవచ్చును. 13 సేర్లకు 8, 4, 1 రాళ్ళు చాలును. ప్రతి తూకమునకును రాళ్ళను ఎన్నుకొను మార్గము ఒక్కటియే. అట్లే చదరంగపు 64 గడులలో తగినవానిని ఎన్నుకొని, సున్న మొదలు మన మహాసంఖ్య వరకు ఏ సంఖ్యనైనను కూర్చవచ్చును. 100 కావలెనన్న 64, 32, 4 గింజలున్న గడులను ఎన్నుకొనిన చాలును. ఎన్నుకొన్న గడిలో దీపము వెలిగించి, తక్కినవానిని ఆర్పివేసినచో, ఆ పలకయే ఒక సంఖ్యను వ్రాసిన పుట యగును. గడులన్నియు వెలిగినప్పుడు మన మహాసంఖ్య ఏర్పడును. నేటి కంప్యూటరులు సంఖ్యలను దాచుకొను విధమిదియే. వానిలో దీపమునకు బదులు విద్యుత్తు ఉండుట, లేకుండుట అను రెండు స్థితులుండును. 64 స్థానములు గల అరలో, ఋణచిహ్నము లేని పూర్ణసంఖ్యలను ఉంచినప్పుడు, పట్టగల అత్యధిక సంఖ్య ఇదియే. దీనికి మరొకటి కలిపినచో ఆ అరలోని స్థానములన్నియు సున్నలై పోవును.

ఇంతవరకు ఈ సంఖ్యను వెలుపలి నుండి చూచితిమి. ఇక లోపలికి ప్రవేశింతము. ఒక సంఖ్య ఏయే సంఖ్యల గుణకారముచే ఏర్పడినదో కనుగొనుటయే లోపలికి పోవుట. దీని కడపటి అంకె 5 గావున ఇది 5 చేత భాగింపబడును. అంకెలన్నిటిని కూడిన 87 వచ్చును. 87 మూటిచే భాగింపబడును గాని తొమ్మిదిచే భాగింపబడదు. మన సంఖ్యయు నట్లే. ఇట్లు రెండు కారణాంకములు సులభముగా దొరికినవి. తక్కినవానికై ఒక్కొక్క సంఖ్యతో భాగింపబూనినచో దినములు గడచును. ఎనిమిదవ తరగతి విద్యార్థి యెరిగిన ఒక్క సూత్రము ఆ శ్రమను తప్పించును. రెండు వర్గముల భేదము, ఆ సంఖ్యల మొత్తమును భేదమును హెచ్చవేసిన ఫలమునకు సమానమను సూత్రమే అది. అనగా

అ² − 1 = (అ + 1)(అ − 1)

2⁶⁴ అనునది 2³² యొక్క వర్గము. కావున మన సంఖ్య (2³² + 1)(2³² − 1) అగును. ఇందు రెండవ కారణాంకము మరల అదే రూపమున నున్నది. దానిని (2¹⁶ + 1)(2¹⁶ − 1) అని విడదీయవచ్చును. ఇట్లు ఉల్లిపొరల వలె ఒలుచుకొనుచు పోగా తుదకు

3 × 5 × 17 × 257 × 65,537 × 4,29,49,67,297

అను ఆరు కారణాంకములు లభించును. ఇరువది అంకెల కొండ ఒక్క సూత్రపు దెబ్బకు ఆరు ముక్కలైనది.

ఈ ఆరు సంఖ్యలకును ఒక చరిత్ర గలదు. ఫ్రాన్సు దేశమున తులూజ్ నగరపు న్యాయస్థానమున ఉద్యోగియై, తీరిక వేళల గణితమును సేవించిన పియర్ ద ఫెర్మా అను మహామేధావి ఈ వరుసను పరిశీలించెను. 3, 5, 17, 257, 65,537 అను ఐదును ప్రధాన సంఖ్యలు. అనగా ఒకటి చేతను తమచేతను తప్ప మరి దేనిచేతను నిశ్శేషముగా భాగింపబడనివి. దీనిని చూచి, ఆరవదియు, ఆ తరువాత ఇదే తీరున ఏర్పడునవన్నియు ప్రధాన సంఖ్యలే యగునని 1640 ప్రాంతమున ఆయన మిత్రులకు వ్రాసెను. నిరూపణము తనకు దొరకలేదని చెప్పుచునే, అది సత్యమని దృఢముగా నమ్మెను. ఫెర్మా అంతటివాని మాట గావున దాదాపు తొంబదియేండ్లు దానిని ఎవ్వరును కాదనలేదు.

1729లో గోల్డ్‌బాక్ అను గణితజ్ఞుడు ఈ విషయమై తన యువమిత్రుడగు ఆయిలరునకు జాబు వ్రాసెను. ఆయిలరు రష్యాలోని సెంట్ పీటర్స్‌బర్గ్ నగరమున నుండెను. ఆయన ఫెర్మా మాటను గౌరవించెను గాని గ్రుడ్డిగా నమ్మలేదు. 4,29,49,67,297ను 641 చేత భాగించినచో శేషము ఏమియు మిగులదని 1732లో వెల్లడించెను. భాగఫలము 67,00,417. ఐదు మారులు నిజమైన నియమము ఆరవ మారు తప్పినది!

ఆయిలరు 641ని గ్రుడ్డిదెబ్బగా పట్టుకొనలేదు. ప్రధాన సంఖ్యలను 2, 3, 5, 7 అని వరుసగా తీసికొని భాగించుకొనుచు పోయినచో 641 అనునది 116వది. అంతకు ముందు 115 భాగహారములు వృథా యగును. కాని ఈ సంఖ్యను భాగింపగల ప్రధాన సంఖ్య ఏదైనను ఉన్నచో, దానిని 64 చేత భాగింపగా 1 శేషింపవలెనను నియమమును ఆయన గ్రహించెను. అట్టి ప్రధాన సంఖ్యలు వరుసగా 193, 257, 449, 577, 641. ఐదవ ప్రయత్నముననే గుట్టు బయల్పడినది. బలముతో చేయు పనికిని ఆలోచనతో చేయు పనికిని గల అంతరము ఈ రెండు అంకెలలో, 116లోను 5లోను, కనబడుచున్నది.

అసలు భాగహారమే లేకుండ ఈ విషయమును నిరూపించు ఉపాయమును తరువాతివారు కనుగొనిరి. దానిని శ్రద్ధగా గమనింపుడు. 641ని రెండు విధముల వ్రాయవచ్చును.

641 = 5 × 2⁷ + 1
641 = 5⁴ + 2⁴

అ⁴ − 1 అనునది (అ² + 1)(అ + 1)(అ − 1) గావున, అది అ + 1 చేత భాగింపబడును. ఇందు అ స్థానమున 5 × 2⁷ను ఉంచుడు. అ + 1 అనునది 641 అగును. కావున 5⁴ × 2²⁸ − 1 అనునది 641 చేత భాగింపబడును. ఇక రెండవ రూపమును 2²⁸ చేత హెచ్చింపుడు. 5⁴ × 2²⁸ + 2³² వచ్చును. ఇదియు 641 చేత భాగింపబడునదే. రెండు సంఖ్యలు 641 చేత భాగింపబడినప్పుడు వాని భేదమును అట్లే భాగింపబడవలెను. రెండవదానిలో నుండి మొదటిదానిని తీసివేసినచో మిగులునది 2³² + 1. ఇదియే 4,29,49,67,297. పది అంకెల సంఖ్యను తాకనైన తాకక దాని మర్మమును తెలిసికొంటిమి.

67,00,417 కూడ ప్రధాన సంఖ్యయే. కావున మన మహాసంఖ్య తుదకు ఏడు ప్రధాన సంఖ్యల గుణకారముగా తేలినది.

3 × 5 × 17 × 257 × 641 × 65,537 × 67,00,417

ఇందు ఏదియు రెండు మారులు రాలేదు. ఈ ఏడింటిలో ప్రతిదానిని తీసికొనవచ్చును, విడువవచ్చును. కావున మన సంఖ్యను నిశ్శేషముగా భాగించు సంఖ్యలు, ఒకటిని తన్నును చేర్చి, 2⁷, అనగా 128. చదరంగపు గడులకు ఇది సరిగా రెట్టింపు.

ఫెర్మా ఊహ తప్పినను ఆ సంఖ్యల పరిశీలన వ్యర్థము కాలేదు. 1796లో, పందొమ్మిదేండ్లు నిండని గౌస్ అను జర్మను యువకుడు, స్కేలును వృత్తలేఖినిని మాత్రము ఉపయోగించి పదునేడు సమభుజములు గల ఆకృతిని గీయవచ్చునని కనుగొనెను. రెండువేల యేండ్లుగా రేఖాగణితజ్ఞులకు అందని ఫలమది. 17 అనునది ఫెర్మా వరుసలోని ప్రధాన సంఖ్య యగుటయే దానికి మూలము. ఇక ఆ వరుసలో 65,537 తరువాత ఒక్క ప్రధాన సంఖ్యయైనను ఇంతవరకు దొరకలేదు. 2³² + 1 మొదలుకొని వరుసగా ఇరువదియెనిమిది సంఖ్యలు ప్రధానములు కావని తేలినది. ముందెక్కడనైనను ప్రధాన సంఖ్య ఉన్నదో లేదో నిరూపించుట మీ తరమువారికి మిగిలియున్నది.

కథలోని రాజు మొదటి నాలుగైదు గడులను చూచి కోరిక చిన్నదనుకొనెను. ఫెర్మా మొదటి ఐదు సంఖ్యలను చూచి నియమము శాశ్వతమనుకొనెను. ఒకరు అధికారము గలవారు; ఒకరు అసమాన మేధావి. ఇద్దరును ఆరంభమును చూచి అంతమును నిర్ణయించిరి. గణితశాస్త్రమున ఎవరు చెప్పిరి అను ప్రశ్నకు విలువ లేదు. ఎట్లు నిరూపించిరి అను ప్రశ్నకే విలువ. మూడంకెల 641 పది అంకెల సంఖ్య గుట్టును, అంతటి పండితుని ఊహను ఒక్కమారుగా తేల్చివేసినది. ఈ మాటను సైతము నేను చెప్పితినని నమ్మవలదు. ఒక కాగితము తీసికొని 4,29,49,67,297ను 641 చేత భాగించి చూడుడు. ఏడు వరుసలలో భాగహారము ముగియును. శేషస్థానమున సున్న పడినప్పుడు, 1732లో ఆయిలరు పొందిన నిశ్చయమే మీకును కలుగును.